విశ్రామపురపు కాపరి – ఆస్కర్ లోర్ గారి జీవితము

తెలుగు సంఘములలో పెరిగినవారికి గుంటూరు హయ్యర్ గారి పేరును, ఒంగోలు క్లౌ గారి పేరును క్రొత్తవి కావు. కాని మన పొరుగుననే, ఛత్తీస్‌గఢ్ మైదానములలో, దాదాపు నలువది సంవత్సరములు ఒకే ప్రజల మధ్య కాపురముండి, ఆ మంటిలోనే కలిసిపోయిన ఆస్కర్ లోర్ గారి పేరు మనలో అనేకులు వినియుండరు. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా ఒడిషా కొండలను దాటిపోవు రైలుమార్గము రాయపూరు చేరును. 1931వ సంవత్సరమున ఆ మార్గము పూర్తియైనది మొదలు జీవనోపాధికై ఆ పట్టణమునకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. వారు ఆదివారమున ఆరాధనకు వెళ్లు ప్రాంతమున సువార్త విత్తనము ఎట్లు పడెనో, దానిని చల్లినవాడు ఎన్ని ఎండలకు ఓర్చెనో తెలిసికొనుట మనకు మేలు.

లోర్ గారి జీవితము విజయగాథ కాదు. ఆయన గొప్ప కోతను ఆశించి వచ్చెను. ఆయనకు దొరికినది ఒక చిన్న పొలము. ఆ చిన్న పొలమును విడువక దున్నుటయే ఆయన విశ్వాసము.

బాల్యము, పిలుపు

ఆస్కర్ లోర్ గారు 1824వ సంవత్సరమున ప్రష్యా రాజ్యమునకు చెందిన సైలీషియా ప్రాంతమున జన్మించిరి. యౌవనమున ఆయన వైద్య విషయములలో కొంత పరిజ్ఞానము సంపాదించెను. ఈ జ్ఞానము తరువాతి దినములలో పల్లెవాసుల గుడిసెల తలుపులను ఆయనకు తెరచిన తాళపుచెవి ఆయెను.

ఆ కాలమున బెర్లిను నగరమున యోహాను గోస్నర్ అను వృద్ధ దైవసేవకుడు ఉండెను. ఆయన మొదట రోమను కతోలిక గురువుగా ఉండి, 1826లో ప్రొటెస్టంటు సంఘమున చేరినవాడు. 1836లో ఆయన ఒక మిషనును స్థాపించెను. గొప్ప చదువులు లేకున్నను ప్రార్థనాపరులై, తమ చేతులతో పనిచేయగల యువకులను ఆయన దూరదేశములకు పంపుచుండెను. పంపబడినవారికి నిండైన జీతములు లేవు. దేవునియందలి నమ్మికయు, వెనుక నిలిచి ప్రార్థించు ఆ వృద్ధుని మోకాళ్లును వారికి ఆస్తి. యువకుడైన లోర్ గారు ఆ గోస్నర్ గారి చేతిక్రింద సిద్ధపడి, 1850 ప్రాంతమున భారతదేశమునకు వచ్చెను.

రాంచీలో నేర్చిన పాఠము

ఆయన వచ్చి చేరినది ఛోటానాగపూరు కొండలలోని రాంచీ. అచ్చటికి గోస్నర్ గారి మొదటి నలుగురు సేవకులు 1845 నవంబరులో వచ్చిరి. ఐదేండ్లవరకు వారికి ఒక్క ఫలమైనను దొరకలేదు. సహచరులు కొందరు జ్వరములచేత మరణించిరి. ఈ ప్రజలను విడిచి వేరొక చోటికి పోదుమా అని వారు బెర్లినుకు వ్రాసికొనగా, ఫలము వచ్చినను రాకున్నను అక్కడనే నిలిచి పని చేయవలెనని గోస్నర్ గారు వారిని హెచ్చరించెను. 1850 జూను 9వ తేదీన ఉరావు జాతికి చెందిన నలుగురు బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట ఆ వాగు క్రమముగా నదియై పారెను.

లోర్ గారు రాంచీ చేరునప్పటికి ఎండిన కాలము ముగిసి చినుకులు పడుచుండెను. కొండజాతుల ప్రజలు కుటుంబములుగా, గ్రామములుగా ప్రభువు నొద్దకు వచ్చుట ఆయన కన్నులార చూచెను. ఈ దృశ్యము ఆయన హృదయములో చెరగని ముద్ర వేసెను. ఒక ప్రజ అంతయు ఒకటిగా కదలిరాగలదని ఆయన నమ్మెను. ఈ నమ్మకము ఆయనకు బలమును ఇచ్చెను. తరువాత ఆయనకు కలిగిన నిరాశకును ఇదియే కారణమాయెను.

1857వ సంవత్సరపు తిరుగుబాటు రాంచీకి వ్యాపించినప్పుడు మిషనరీలు సమస్తమును విడిచి కలకత్తాకు పారిపోవలసి వచ్చెను. రెండేండ్ల క్రిందటనే ప్రతిష్ఠింపబడిన రాంచీ దేవాలయముపై ఫిరంగి గుండ్లు పడెను. విశ్వాసులు అడవులలో దాగుకొనిరి. మరుసటి యేట గోస్నర్ గారు వృద్ధాప్యమున కన్నుమూసిరి. లోర్ గారు కుటుంబముతో అమెరికాకు ఓడ ఎక్కెను. పని మధ్యలో తెగిపోయినది. పంపిన తండ్రివంటివాడు లేడు. తిరిగి పిలుచువారు కనబడలేదు.

అమెరికాలో నిరీక్షణ

అమెరికాలో ఆయన జర్మను భాష మాటలాడు రిఫార్ముడు సంఘస్థుల మధ్య కాపరియై, న్యూజెర్సీ రాష్ట్రములోని ఎలిజబెత్ పట్టణమున సేవచేసెను. స్కాట్లండు ప్రెస్బిటేరియనులును, జర్మనీ, స్విట్జర్లాండు, హాలండు దేశముల రిఫార్ముడు సంఘములును ఒకే సంస్కరణ వృక్షపు కొమ్మలని చదువరులు ఎరుగుదురు. ఉభయులును కాల్విను గారి బోధను అనుసరించి, సంఘపు పెద్దల ద్వారా సంఘపాలన జరిగించువారు.

సముద్రము దాటినను లోర్ గారి మనస్సు భారతదేశమును విడువలేదు. అమెరికా అంతర్యుద్ధము ముగిసిన 1865వ సంవత్సరముననే అచ్చటి జర్మను భాషా సంఘములవారు కొందరు కూడి ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. వారికి ధనము స్వల్పము, అనుభవము అంతకంటె స్వల్పము. భారతదేశమును ఎరిగి, అచ్చటికి మరల పోవ గోరు మనుష్యుడు తమ మధ్యనే ఉన్నాడని వారు గ్రహించిరి. ఇట్లు, నలువది యేండ్లు దాటిన వయస్సున, భార్యను బిడ్డలను వెంటబెట్టుకొని, లోర్ గారు రెండవమారు భారతదేశమునకు ప్రయాణమాయెను.

మండువేసవిలో రాక

1868వ సంవత్సరపు వేసవిలో వారు బొంబాయిలో దిగిరి. ఎక్కడికి పోవలెనో నిశ్చయము కాలేదు. నాగపూరులో స్కాట్లండు ప్రెస్బిటేరియను మిషనువారు 1840ల నుండి పని చేయుచుండిరి. గొప్ప పండితుడైన స్టీఫెన్ హిస్లాప్ గారు ఆ మిషనుకు పునాది వేసి, 1863లో వరదనీటిలో మునిగి మరణించిరి. ఆయన పిమ్మట ఉన్న సేవకులు, తూర్పున ఛత్తీస్‌గఢ్ అను విశాల మైదానము కలదనియు, అచ్చట సువార్త పని చేయువారు లేరనియు లోర్ గారికి తెలియజేసిరి. తమకు చేయ శక్తి చాలని పొలమును వేరొక సంఘపు సేవకునికి సంతోషముతో చూపుట ఆ ప్రెస్బిటేరియను సోదరుల ఔదార్యము. ఛత్తీస్‌గఢ్ సంఘచరిత్ర ఈ సహకారముతోనే మొదలాయెను.

నాగపూరు వరకు రైలుమార్గము ముందటి యేడే వచ్చియుండెను. అచ్చటినుండి రాయపూరునకు రైలు లేదు, ఎడ్లబండ్లే గతి. ఛత్తీస్‌గఢ్ వేసవిని ఎరిగినవారికి ఆ ప్రయాణమును వర్ణింప నక్కరలేదు. వరిపొలములు పగుళ్లు విచ్చి, చెరువులు అడుగంటి, మధ్యాహ్నపు వడగాలికి పశువులు సయితము చెట్ల నీడ విడువవు. అట్టి కాలమున పసిపిల్లలతో వచ్చిన ఈ కుటుంబమునకు రాయపూరులోని ఆంగ్లేయ అధికారి కర్నల్ బాల్మేన్ గారు స్నేహహస్తము చాచెను. ఆయన సలహాచే లోర్ గారి దృష్టి సత్నామీ ప్రజల వైపు మళ్లెను.

భండారు గ్రామపు ఆతిథ్యము

సత్నామీలు ఎవరు? ఛత్తీస్‌గఢ్‌లో చర్మకారులుగా పిలువబడి, ఊరి వెలుపల నివసించుచు, సేద్యమును కూలిపనియు చేసికొను జనులు అనేక లక్షలు. వారిలో 1756వ సంవత్సరమున ఘాసీదాసు అను ధర్మోపదేశకుడు పుట్టెను. విగ్రహములు వద్దనియు, మద్యమాంసములు విడువవలెననియు, సత్యనామమైన ఒకే దేవుని స్మరింపవలెననియు, మనుష్యులందరు సమానులనియు ఆయన బోధించెను. 1850లో ఆయన గతించిన పిమ్మట గురుపీఠము ఆయన వంశమున నిలిచెను. ఆయన కుమారుడు బాలకదాసు తన జనులకు జందెము ధరింపజేసెను. తక్కువవారని త్రోసివేయబడినవారికి అది కేవలము నూలుపోగు కాదు, తాము ఎవరికిని తీసిపోమని చాటు గురుతు. పైకులములవారి ద్వేషమునకు గురియై 1860లో బాలకదాసు హత్యచేయబడెను.

ఒకే దేవుడు, విగ్రహములు లేని ఆరాధన, మనుష్యుల సమానత్వము! ఈ మాటలు వినిన లోర్ గారి హృదయము పొంగెను. దేవుడే వీరిని ముందుగా సిద్ధపరచియున్నాడని ఆయన తలంచెను. వచ్చిన కొద్దికాలమునకే ఆయన గురుపీఠమైన భండారు గ్రామమునకు వెళ్లెను. అచ్చట ఆయనకు గొప్ప ఆదరణ లభించెను. గురువు ప్రక్కన కూర్చుండబెట్టి, ఫలహారములు ఇచ్చి, ప్రేమగౌరవములకు గురుతుగా ఆయన పొడవైన గడ్డమును జనులు నిమిరిరి. సత్యనామముయొక్క నిజమైన అర్థము యేసుక్రీస్తునందు కలదని ఆయన వారికి బోధించెను. రాంచీలో చూచిన దానికంటె గొప్ప కోత తన యెదుట నిలిచియున్నదని ఆయన నమ్మి, అమెరికాలోని మిత్రులకును ఆ నిరీక్షణనే తెలియజేసెను.

కాని ఆదరణ వేరు, అంగీకారము వేరు. క్రీస్తును వెంబడింపగోరువారు జందెము తీసివేయవలెనని ఆయన కోరినప్పుడు సత్నామీల ముఖములు మారెను. లోర్ గారి దృష్టికి జందెము పాతమతపు చిహ్నము. వారి దృష్టికి అది ప్రాణములు పోగొట్టుకొని సంపాదించిన గౌరవము. ఆ గురుతును విప్పుమనుట వారిని మరల ధూళిలో కూర్చుండుమనినట్లు వారికి తోచెను. ఆతిథ్యమిచ్చినవారు దూరముగా తొలగిరి. 1870లో మొదటి బాప్తిస్మములు జరిగినప్పుడు ముందుకు వచ్చినవారు వేలు కారు, వందలు కారు, వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

తెలుగు చదువరులు ఇచ్చట ఒక పోలికను గమనింతురు గాక. ఆ దశాబ్దము చివరనే మన ఒంగోలు ప్రాంతమున, అట్లే చర్మపు పని చేయు మాదిగ సోదరుల మధ్య గొప్ప కదలిక కలిగెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ తీరమున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అచ్చట సువార్తను మొదట పల్లెపల్లెకు మోసికొనిపోయినవాడు యెర్రగుంట్ల పేరయ్య, వారిలో వాడే. లోర్ గారు గురుపీఠమునకు పోయి మొత్తము ప్రజను పిలిచెను. తన యింటివారికి తానే చెప్పుకొను పేరయ్యవంటివాడు ఆయనకు మొదట దొరకలేదు. దేవుని మార్గములు అన్నిచోట్ల ఒక్కటి కావు. ఒకనికి ఒక్క దినమున ఇచ్చినదానిని వేరొకనికి తరములమీద ఇచ్చుట ఆయన చిత్తము.

విశ్రాంతి అను పేరుగల ఊరు

రాయపూరునకు ఉత్తరముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున, అడవిపొదలతో నిండిన 1,500 ఎకరములకు పైబడిన బంజరుభూమిని లోర్ గారు 1868లోనే మిషను పేర కొనియుండెను. దానికి విశ్రామపురము అని పేరు పెట్టెను. ఆ ప్రాంతీయులు బిశ్రాంపూర్ అందురు. ప్రయాసపడి భారము మోసికొను సమస్త జనులను తన యొద్దకు పిలిచిన ప్రభువు వాగ్దానమే ఆ పేరునకు మూలమని తలంపక తప్పదు. కులమునుండి వెలివేయబడినవారికి నిలుచుటకు చోటు కావలెను. బాప్తిస్మము పొందినవాడు మరునాటినుండి ఏ బావిలో నీరు తోడుకొనును? ఎవని పొలమున పని చేయును? వాని కుమార్తెను ఎవడు పెండ్లాడును? ఈ ప్రశ్నలకు ప్రసంగముతో జవాబు చెప్ప వీలుకాదు. ఒక ఊరితోనే చెప్పవలెను.

ఊరు కట్టుట ఎండాకాలపు పని. వానలు మొదలైనచో ఛత్తీస్‌గఢ్‌లో దారులు మూసికొనిపోవును, జనులందరు వరిపొలములలో దిగుదురు. చలికాలమున కోత ముగిసిన పిమ్మట సువార్తికులు గుడారములు వేసికొని సంతలవెంట, జాతరలవెంట తిరుగుదురు. వేసవి వచ్చినప్పుడు ప్రయాణములు నిలిచి, జనులు ఇంటిపట్టున ఉందురు. అప్పుడే బావులు త్రవ్వవలెను, చెరువు పూడిక తీయవలెను, గోడలు పెట్టవలెను, తొలకరికి ముందే కప్పులు సరిచేయవలెను. చైత్రమాసమున తెల్లవారకమునుపే స్త్రీలును పిల్లలును అడవి అంచులకు పోయి రాలిన ఇప్పపువ్వు ఏరుకొందురు. పిమ్మట తునికిపండ్లు, మామిడికాయలు. అక్షయతృతీయతో క్రొత్త సేద్యపు సంవత్సరము ఆరంభమగును. పాలేర్ల ఒప్పందములు ఆ దినములలోనే కుదురును. పెండ్లిండ్లకును ఇదే కాలము. ఈ లోకపు పంచాంగములోనికి క్రైస్తవ జీవితమును ఎట్లు ప్రవేశపెట్టవలెను? విశ్రామపుర సంఘపు మొదటి పరీక్ష ఇదియే.

1873లో ఆ గ్రామమున ఇమ్మానుయేలు దేవాలయమునకు పునాది వేయబడి, 1874లో ప్రతిష్ఠ జరిగెను. ఊరిలో పాఠశాల వెలసెను. అక్షరమే ఎరుగని కుటుంబముల పిల్లలు పుస్తకము పట్టిరి. లోర్ గారి మందులపెట్టె చుట్టుప్రక్కల గ్రామములవారిని రప్పించెను. జందెము విషయమున ఆయనను విడిచిపోయినవారు జ్వరము వచ్చినప్పుడు ఆయన గుమ్మము నెక్కిరి. ఆయనయు వారిని త్రిప్పి పంపలేదు.

సత్నామీలలో పుట్టినవారును, వేరు కులములనుండి వచ్చినవారును ఒకే బావి నీరు త్రాగుట, ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనమున పాలుపొందుట ఆ ప్రాంతమునకు వింత. ప్రసంగములను మరచిపోవువారు ఈ దృశ్యమును మరువలేరు. లోర్ గారు మొదట ఆశించిన మహాజనప్రవాహము రాలేదు. కాని ఒక వీధి, ఒక బడి, ఒక బల్ల ఏర్పడెను.

కాపరియు భూస్వామియు

ఇచ్చట ఒక సత్యమును దాచక చెప్పవలెను. విశ్రామపురపు భూమికి మిషనే యజమాని. కనుక ఊరి కాపరియే ఊరి మాల్‌గుజారు కూడ. ఆదివారమున దేవుని వాక్యము బోధించువాడే సోమవారమున శిస్తు లెక్క చూచును. తప్పుచేసినవానికి బుద్ధిచెప్పువాడును, వానికి పొలము ఇచ్చువాడును ఒక్కడే. ప్రేమతో మొదలైన ఈ ఏర్పాటు వలన సేవకునికి గొప్ప చిక్కులు కలిగెను. సంఘము నుండి తొలగింపబడిన వ్యక్తికి జీవనాధారముకూడ కదలును. భయముతో చూపు విధేయతను, ప్రేమతో చూపు విధేయతనుండి వేరుచేయుట ఎట్లు? ఆనాటి మిషనరీలలో అనేకులు ఈ ఉరిలో చిక్కుకొనిరి. లోర్ గారును తప్పించుకొనలేదు.

అన్నిటికంటె కష్టమైనది వివాహ విషయము. ఆ ప్రాంతమున విధవరాలైన స్త్రీయైనను, భర్తను విడిచిన స్త్రీయైనను వేరొక పురుషుడు ఇచ్చిన గాజులు తొడిగికొని అతని యింటికి పోవుట ఆచారము. దీనిని చూడీ అందురు. జనుల దృష్టికి ఇది సక్రమమైన సంబంధమే; మిషనరీల దృష్టికి భర్త బ్రదికియుండగా జరుగు ఇట్టి సంబంధము వ్యభిచారము. విశ్వాసులనేకులు క్రీస్తును మనఃపూర్వకముగా ప్రేమించుచునే ఈ ఆచారమును విడువలేకపోయిరి. వేసవి పెండ్లిండ్ల కాలము వచ్చినప్పుడెల్ల తగవులు లేచును. కొందరు సంఘమునుండి తొలగింపబడుదురు. పశ్చాత్తాపపడి మరల చేర్చుకొనబడుదురు. ఈ తగవులను తీర్చుట ఒక్క విదేశీయుని వలన అగు పని కాదు. క్రమముగా సంఘములోని పెద్దలే పంచాయతీగా కూర్చుండి, తమ జనుల సంగతులు తామే విచారించు అలవాటు బలపడెను. హిందీ సంఘములలో సంఘపు పెద్దను ప్రాచీన్ అను మాటతో పిలుతురు. ఊరి పంచాయతీ రచ్చబండయు, సంస్కరణ సంఘముల పెద్దల సభయు ఇట్లు ఒకచోట కలిసికొనెను. దేశపు వేళ్లమీద పాదుకొనినదే నిలుచును గదా!

ఇతర స్థలములకును పని వ్యాపించెను. 1870వ దశకమున ఆండ్రియాస్ స్టోల్ గారు రాయపూరు పట్టణమున సేవ ఆరంభించిరి. 1884లో ఈ చిన్న మిషను ఉత్తర అమెరికాలోని జర్మను ఇవాంజెలికల్ సినడు చేతిలోనికి మారెను. దాని పిమ్మట క్రొత్త సేవకులు వచ్చిరి. బిలాసపూరు దారిలోని చంద్‌ఖురీయందు మరియొక స్థానము ఏర్పడెను. లోర్ గారి కుమారుడు జూలియస్ తండ్రి ప్రక్కన నిలిచి సేవచేసెను.

కరవు దినములు

1896–97లో ఒకమారు, 1899–1900లో మరల ఒకమారు మధ్యపరగణాలను ఘోరమైన క్షామము పట్టెను. వరిపైననే బ్రదుకు ఛత్తీస్‌గఢ్‌కు వాన లేనిది అన్నము లేదు. 1899లో ఋతుపవనము తప్పగా, 1900వ సంవత్సరపు వేసవి మరణకాలమాయెను. చెరువులు ఎండెను, పశువులు పడిపోయెను, ఇప్పపువ్వును ఆకులలములును తిని జనులు ప్రాణములు నిలుపుకొనజూచిరి. తల్లిదండ్రులు పోయిన పసివారు దారులవెంట తిరుగుచుండిరి. ఆకలి వెంట విశూచి వచ్చెను.

లోర్ గారు అప్పటికి డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. ఇంతకాలము ఊరి లెక్కలతో, తగవులతో నలిగిన ఆ చిన్న సంఘము ఆ దినములలో దేనికొరకు కట్టబడినదో బయలుపడెను. మిషను స్థానములు అన్నదాన స్థలములాయెను. అనాథ బాలబాలికలకు ఆశ్రయములు తెరువబడెను. చెరువులు, దారులు త్రవ్వించి కూలి ఇచ్చుట ద్వారా అనేకులు రక్షింపబడిరి. 1897లో చంద్‌ఖురీయందు కుష్ఠురోగులకొరకు ఒక ఆశ్రమము వెలసెను; ఎవరును తాకనొల్లనివారికి అది ఇల్లాయెను. అదే కరవు వార్త విని అమెరికానుండి వచ్చిన మెన్నోనైటు సోదరులు 1899లో రాయపూరునకు దక్షిణముననున్న ధమ్తరీలో సేవ ఆరంభించిరి.

కరవు దినములలో బాప్తిస్మము కోరివచ్చినవారు అనేకులు. వానలు కురిసిన పిమ్మట వెనుకకు మళ్లినవారును కలరు. బియ్యము కొరకు వచ్చిరని నిందించుట సులభము. కాని ఆకలిగొనిన జనసమూహమునకు రొట్టె విరిచిన ప్రభువు, వారిలో ఎందరు తన వెంట నిలుతురో ముందుగా లెక్కించి పంచలేదు. నిలిచినవారిలోనుండి, అనాథాశ్రమములలో పెరిగిన పిల్లలలోనుండి తరువాతి తరపు ఉపాధ్యాయులును, సువార్తికులును, బైబిలు స్త్రీలును లేచిరి.

విశ్రమించుట

1907వ సంవత్సరమున ఆస్కర్ లోర్ గారు తన పరుగును ముగించెను. సైలీషియాలో పుట్టి, రాంచీలో పారదోలబడి, అమెరికాలో నిరీక్షించి, చివరకు విశ్రామపురపు మట్టిలోనే ఆయన దేహము విశ్రమించెను. తాను ఆశించిన మహాకదలికను ఆయన చూడలేదు. సత్నామీ ప్రజలలో అధికభాగము తమ గురువు మార్గముననే నిలిచిరి. లెక్కలు చూచువారికి ఆయన సేవ స్వల్పముగా తోచవచ్చును.

అయితే ఆయన వెనుక మిగిలినది ఏమి? ఆయన మరణించిన రెండేండ్లకు, 1909లో, శివనాథ నది మధ్యనున్న మద్కూ ద్వీపమున ఛత్తీస్‌గఢ్ క్రైస్తవుల మేళా మొదలాయెను. కోతలు ముగిసి ఎండలు ముదరకమునుపు, ప్రతి ఫిబ్రవరి మాసమున కుటుంబములు గుడారములతో, వంటసామగ్రితో ఆ ద్వీపమున దిగి, దినములతరబడి కలిసి ప్రార్థించుచు, కలిసి భుజించుచు, దూరమైన బంధువులను కలిసికొనుచు గడపుదురు. తాత కాలమున కులమునుండి వెలియైనవారికి ఇది క్రొత్త జాతర, క్రొత్త బంధువర్గము.

తరువాతి కాలమున ఛత్తీస్‌గఢ్ సంఘములు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలు సంఘములవారు కలిసి 1924లో ఏర్పరచిన ఉత్తర భారత ఐక్య సంఘమున చేరినవి. 1970 నవంబరు 29వ తేదీన నాగపూరు పట్టణమున ఉత్తర ఇండియా సంఘము రూపొందినప్పుడు దానిలో భాగమాయెను. నూరు సంవత్సరముల క్రిందట దారి తెలియని ఒక యాత్రికునికి స్కాట్లండు ప్రెస్బిటేరియనులు ఏ పట్టణమునుండి దారి చూపిరో, ఆ పట్టణముననే ఇరువురి బిడ్డలును ఒకే సంఘమైరి!

2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమై, రాయపూరు రాజధాని ఆయెను. నేడు విశ్రామపురము బలోదాబజారు–భాటాపారా జిల్లాలోని ఒక గ్రామము. ఇమ్మానుయేలు దేవాలయము ఇంకను అచ్చట నిలిచియున్నది. వేసవి సెలవులు వచ్చినప్పుడు మన సంఘములలోవలెనే పిల్లలు బైబిలు కథలు నేర్చుకొనుటకు కూడుదురు. ఈ సెలవుకాలపు బైబిలు పాఠశాలయు ఒక పేదవాడలోనే పుట్టినది. 1898 వేసవిలో న్యూయార్కు నగరపు వీధులలో దిక్కులేక తిరుగు పిల్లలను చూచి ఎలైజా హాస్ అను సహోదరి ఒక గది అద్దెకు తీసికొని ఆరంభించిన పని అది. అదే దశాబ్దపు మండువేసవిలో ఛత్తీస్‌గఢ్ సేవకులు కరవుపిల్లలను చేరదీయుచుండిరి. ఎండాకాలమును దేవుడు వృథా పుచ్చడు.

మనకు పాఠము

ప్రియ చదువరులారా, మనలో ప్రతివాడును తన భండారు గ్రామమును ఎరుగును. ఒక ఆదరణను చూచి గొప్ప కోత వచ్చినదని మనమందరము ఎన్నడో ఒకనాడు ఉప్పొంగితిమి. కూటమునకు వచ్చిన జనమును లెక్కించి సంతోషించితిమి. మరుసటి నెల ఖాళీ బల్లలను చూచి కృంగితిమి. అట్టి నిరాశ దినమున లోర్ గారు రెండు పనులలో ఒకటి చేయవచ్చును. రాయపూరును విడిచి, తలుపు తెరచిన వేరొక దేశమునకు పోవచ్చును. లేక ఆ బంజరులోనే బావి త్రవ్వవచ్చును. ఆయన బావి త్రవ్వెను.

ఆయన చేసినదంతయు సరియైనదని చెప్పజాలము. ఇతరుల గౌరవచిహ్నమును ముట్టునప్పుడు ఎంత మెలకువ కావలెనో ఆయన అనుభవము మనకు నేర్పును. అధికారమును కాపరిత్వమును ఒకే చేతిలో ఉంచుట ఎంత ప్రమాదమో కూడ నేర్పును. కాని మట్టికుండలలోనే ఐశ్వర్యమును ఉంచుట దేవుని పద్ధతి. కుండకు పగుళ్లున్నను నీరు మోసినది, అనేకులు త్రాగిరి.

వేసవిలో దున్నిన చేను చూచుటకు అందము కాదు. మంటిగడ్డలు, ధూళి, ఎండ తప్ప మరేమియు కనబడదు. పల్లెరైతు అయినను దానిని చూచి దిగులుపడడు; తొలకరికి సిద్ధమైన నేల అదియేనని అతడు ఎరుగును. మన సంఘములకును అట్టి వేసవులు వచ్చును. పాటలు తగ్గి, కూటములు చిన్నవై, పనివారు అలసిన ఆ కాలమున మనము ఒకరి కప్పు ఒకరము సరిచేయుదము. బడిమానిన పిల్లవానిని చేయిపట్టి తీసికొనివత్తము. తగవుపడిన యిద్దరిని ఒక చాపమీద కూర్చుండబెట్టుదము. ఆకలిగొనినవానికి పేరు అడుగక పెట్టుదము. దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నదని హెబ్రీ పత్రిక బోధించుచున్నది. ఆ విశ్రాంతి వచ్చువరకు ఊరు కట్టుట మన పని; వాన కురిపించుట ఆయన పని.